ఒక్క సాయపు దొంతితో దొంతిని వరుసపరచుట

ఒకదానిపై ఒకటిగా పేర్చిన వస్తువుల సముదాయాన్ని దొంతి అంటారు. కుండల దొంతి, కంచాల దొంతి, గంపల దొంతి అనే మాటలు తెలుగు ఇండ్లలో తరతరాలుగా వాడుకలో ఉన్నవే. కంప్యూటర్ శాస్త్రంలో స్టాక్ అని వ్యవహరించేది ఈ దొంతినే. దాని లక్షణం ఒక్కటే. పెట్టడమైనా తీయడమైనా పైనుండియే జరగాలి. అడుగున ఉన్న కంచం కావలసి వస్తే దానిపైనున్న కంచాలన్నింటినీ దించక తప్పదు. చివర పెట్టినది మొదట చేతికి వస్తుంది, మొదట పెట్టినది చివర వస్తుంది. రెండు భాషల నడుమ పెరిగిన సరిహద్దు గ్రామాల పిల్లలకు ఈ భావం కొత్తది కాదు. తెలుగులో పేర్చు, కన్నడంలో పేరిసు, తమిళంలో అడుక్కు అనే మాటలు ఈ పనినే చెబుతాయి. చివరి మాట తెలుగువారి చెవికి యాచనగా వినిపించి నవ్వు పుట్టించినా, హోసూరు ప్రాంతపు పిల్లలు దానిని అలవాటుగా వాడుతారు.

దొంతికి సంబంధించి విద్యార్థులు తరచు ఎదుర్కొనే ప్రశ్న ఒకటున్నది. కలగాపులగంగా ఉన్న ఒక దొంతిని, మరొక్క ఖాళీ దొంతిని మాత్రమే సాయంగా తీసుకొని, చిన్నది పైన, పెద్దది అడుగున ఉండేటట్లు వరుసపరచాలి. వస్తువులను బల్లపై పరచకూడదు, వేరే పట్టీలో వ్రాసుకోకూడదు. గేల్ లాక్‌మన్ మెక్‌డొవెల్ రచించిన 'క్రాకింగ్ ద కోడింగ్ ఇంటర్వ్యూ' అనే పుస్తకంలో దొంతులకు కేటాయించిన అధ్యాయంలో ఈ ప్రశ్న ఉన్నది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మౌఖిక పరీక్షలకు సిద్ధమయ్యేవారు విరివిగా చదివే పుస్తకమది. ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకంలో స్టాక్ 3వ అధ్యాయం, వరుసపరచుట 5వ అధ్యాయం. ఆ రెండు పాఠాలను ఒకచోట కలిపితే వచ్చేది ఈ ప్రశ్న.

బళ్లారి నుండి గాని, బరంపురం నుండి గాని, సిరోంచ నుండి గాని బెంగుళూరుకో హైదరాబాదుకో ఉద్యోగ పరీక్షకు వెళ్ళే విద్యార్థి ఈ సమాధానాన్ని పది పన్నెండు పంక్తులుగా కంఠస్థం చేసి వెళ్ళడం పరిపాటి. ఎదుటివారు చిన్నది పైన అనుటకు బదులు పెద్దది పైన అన్నారంటే, లేదా సమానమైన అంకెలు రెండున్నచో ఏమగునని అడిగారంటే, ఆ కంఠస్థం అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా, తల్లిదండ్రులకు ఆంగ్లం రాకపోయినా, నాలుగు నోటు పుస్తకాలతో ఈ విషయాన్ని పూర్తిగా అర్థం చేసుకోవచ్చు. పిల్లవానికి అర్థమైనదో లేదో పెద్దలు పరీక్షించవచ్చు కూడా.

పని జరిగే తీరు

ముందుగా అనుమతులు తెలియాలి. దొంతి విషయంలో చేయదగిన పనులు నాలుగే: పైన పెట్టుట, పైనుండి తీయుట, పైనున్నదేదో తీయకుండా చూచుట, దొంతి ఖాళీగా ఉన్నదా అని అడుగుట. వీటికి తోడు ఒక్క వస్తువును పట్టుకొనుటకు ఒక చేయి ఉంటుంది. ఒక్క దొంతి మాత్రమే సాయం అన్నప్పుడు ఈ చేయి లెక్కలోనికి రాదు. కంప్యూటర్‌లో ఆ చేయి పని చేసేది ఒక్క విలువను దాచుకొనే వేరియబుల్. చేయి కూడా వద్దనుకొని చిక్కులో పడే విద్యార్థులు కొందరున్నారు. అది అనవసరమైన నియమం. చేతిలో ఒకదానిని పట్టుకొనకుండా రెండింటిని పోల్చి ఇటు అటు మార్చుట సాధ్యం కాదు.

ఇచ్చిన దొంతి పైనున్న పుస్తకాన్ని చేతిలోనికి తీసుకోవాలి. సాయపు దొంతి ఖాళీగా ఉంటే దానిని అక్కడ పెట్టాలి. ఖాళీగా లేనిచో, సాయపు దొంతి పైనున్న అంకెను చూడాలి. అది చేతిలోని అంకెకంటె పెద్దదైతే దానిని అక్కడి నుండి తీసి, ఇచ్చిన దొంతి మీదికే తిరిగి పంపాలి. తరువాత బయటపడిన అంకెను చూడాలి. అది కూడా పెద్దదైతే దానినీ పంపాలి. పెద్దది కానిది ఎదురైనప్పుడు, లేదా సాయపు దొంతి ఖాళీ అయినప్పుడు, చేతిలోనిదానిని అక్కడ పెట్టాలి. మళ్ళీ ఇచ్చిన దొంతి పైనుండి ఒకటి తీసుకోవాలి. ఆ దొంతి పూర్తిగా ఖాళీ అయ్యేవరకు ఇదే పని.

నాలుగు నోటు పుస్తకాలపై హాజరు సంఖ్యలు పైనుండి క్రిందికి 8, 19, 5, 12 అని ఉన్నవనుకొందాం. మొదట 8 చేతిలోనికి వస్తుంది. సాయపు దొంతి ఖాళీ కనుక అక్కడ చేరుతుంది. తరువాత 19. సాయపు దొంతి పైనున్న 8 దానికంటె పెద్దది కాదు కనుక 19 దానిపై కూర్చుంటుంది. మూడవది 5. ఇక్కడ అసలు పని మొదలవుతుంది. 19 పెద్దది, వెనుకకు వెళ్ళాలి. 8 కూడా పెద్దది, అదీ వెళ్ళాలి. ఇప్పుడు సాయపు దొంతి ఖాళీ, అందులో 5 అడుగున చేరుతుంది. ఇచ్చిన దొంతిలో పైనుండి 8, 19, 12 ఉన్నాయి. 8 వచ్చి 5పై కూర్చుంటుంది, 19 వచ్చి 8పై కూర్చుంటుంది. వెనుకకు పోయిన రెండూ ఏ ఆటంకం లేకుండా తిరిగి వచ్చినవి. చివరిది 12. దానికి అడ్డుగా ఉన్న 19 వెనుకకు వెళుతుంది. 8 పెద్దది కాదు కనుక దానిపై 12 చేరుతుంది. చివరగా 19 తిరిగి వచ్చి పైన కూర్చుంటుంది.

ఇప్పుడు సాయపు దొంతిలో అడుగు నుండి పైకి 5, 8, 12, 19 వరుసగా ఉన్నాయి. అడిగినది చిన్నది పైన ఉండాలని, అది కూడా మొదటి దొంతిలోనే. కావున ఒక్కొక్కటిగా తీసి ఇచ్చిన దొంతిలోనికి మార్చాలి. 19 అడుగుకు పోతుంది, 5 పైకి వస్తుంది. ఈ చివరి మార్పిడిని మరచిపోవడం పరీక్షలలో చాలా సాధారణం. అంకెలు వరుసలో కనిపించగానే పని అయిపోయినదనిపిస్తుంది. కాని ఆ వరుస తలక్రిందులుగా, వేరే దొంతిలో ఉన్నది.

వెనుకకు పంపే హక్కు

ఈ విధానానికి బలం ఎక్కడిదని అడిగితే, రెండవ దొంతి ఉండటమే కారణమని చాలామంది చెబుతారు. అది సగం మాటే. రెండవ దొంతి ఉన్నా, ఒకసారి అక్కడికి వెళ్ళినది వెనుకకు రాకూడదనే నియమం ఉంటే పని కాదు. దీనిని రైలు బండి ఉపమానంతో చక్కగా చూడవచ్చు. డోనాల్డ్ క్నూత్ 1968లో వెలువరించిన 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటంలో ఈ ఉపమానం ఉన్నది. స్టేషను ప్రక్కన ఒక కొస మూసుకొని ఉన్న సైడింగ్ పట్టా ఉంటుంది. వరుసగా వచ్చిన వ్యాగన్లలో ఒక్కొక్కదానిని అందులోనికి నెట్టవచ్చు, చివర నెట్టినదానిని ముందుగా బయటకు లాగవచ్చు. బయటకు వచ్చినది మాత్రం ముందుకే సాగిపోవాలి, వెనుకకు రాకూడదు.

మూడు వ్యాగన్లు 2, 3, 1 అనే వరుసలో వచ్చినవి. అవి 1, 2, 3 అనే వరుసలో బయలుదేరాలి. 1 ముందుగా పోవాలి కనుక, 2, 3 సైడింగ్‌లో ఆగి ఉండాలి. 1 వెళ్ళిపోయిన తరువాత 2 రావాలి. కాని 3 దానికి అడ్డుగా ఉన్నది. 3ను బయటకు లాగితే అది ముందే పోతుంది. మరి దారి లేదు. మూడు వ్యాగన్లు రాగల వరుసలు 6. వాటిలో 5 వరుసలను ఈ సైడింగ్ చక్కదిద్దగలదు, ఈ 2, 3, 1ను మాత్రం చక్కదిద్దలేదు. వ్యాగన్లు నాలుగైతే 24 వరుసలలో 14, ఐదైతే 120 వరుసలలో 42 మాత్రమే కుదురుతాయి. 1, 2, 5, 14, 42 అని సాగే ఈ అంకెలను గణితజ్ఞులు కాటలాన్ సంఖ్యలంటారు. వ్యాగన్లు పెరిగేకొద్దీ కుదిరే వరుసల పాలు తగ్గిపోతుంది.

మన విధానంలో ఏ వరుస వచ్చినా కుదురుతుంది. అడ్డు వచ్చినదానిని వచ్చిన చోటికే వెనుకకు పంపే అనుమతి ఉండటమే అందుకు కారణం. ఆ అనుమతికి వెల శ్రమ రూపంలో చెల్లించాలి. ఎంత శ్రమ అన్నది తరువాత వస్తుంది.

వెనుకకు పంపినవి మళ్ళీ రావడం, మళ్ళీ పోవడం, ఇలా అంతులేకుండా సాగదా అనే అనుమానం తెలివైన విద్యార్థికి తప్పక వస్తుంది. రాకపోతేనే ఆలోచించవలసి ఉంటుంది. దీనికి సమాధానం సాయపు దొంతి స్వభావంలో ఉన్నది. సాయపు దొంతి ఎల్లప్పుడూ వరుసలోనే ఉంటుంది, పెద్దదానిపై చిన్నది అందులో ఎన్నడూ కూర్చోదు. కావున అందులో నుండి తీసినవి ముందు పెద్దది, తరువాత దానికంటె చిన్నది, ఇలా వెనుకకు వెళతాయి. వెళ్ళినవన్నీ చేతిలోనిదానికంటె పెద్దవే. చేతిలోనిది కూర్చున్న తరువాత అవి తిరిగి వచ్చునప్పుడు చిన్నది ముందుగా, పెద్దది తరువాతగా వస్తాయి. ఏదీ మరొకదానికి అడ్డు కాదు. అవన్నీ తిరిగి కూర్చునేసరికి, వరుసలో చేరినవాటి సంఖ్య ఒకటి పెరిగి, ఇంతవరకు ముట్టనివాటి సంఖ్య ఒకటి తగ్గి ఉంటుంది. ముట్టనివి తరిగిపోతూ ఉన్నప్పుడు పని ముగియక తప్పదు. మౌఖిక పరీక్షలో ఈ రెండు మూడు వాక్యాలు చెప్పగల విద్యార్థి, పంక్తులన్నీ తప్పు లేకుండా వ్రాసి కారణం చెప్పలేని విద్యార్థికంటె ఎంతో మెరుగు.

శ్రమ లెక్క

వెనుకకు పంపుటలు ఎన్ని జరుగుతాయో ముందుగానే చెప్పవచ్చు. ఇచ్చిన దొంతిలో పెద్దది పైన, చిన్నది దానికి దిగువన ఎక్కడైనా ఉన్న జంటలను లెక్కపెట్టాలి. ఎన్ని జంటలుంటే అన్నిసార్లు వెనుకకు పంపవలసి ఉంటుంది, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. పై ఉదాహరణలో అటువంటి జంటలు 8-5, 19-5, 19-12 అనే మూడు. వెనుకకు పంపినదీ మూడుసార్లే. పుస్తకాలను చేతిలోనికి తీసుకొన్నది నాలుగుకు మూడు కలిపి ఏడుసార్లు.

అన్నింటికంటె హెచ్చు శ్రమ ఎప్పుడు కలుగుతుందో గమనిస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. పెద్దది పైన, చిన్నది అడుగున ఉండి చక్కని వరుసలో ఉన్న దొంతి వచ్చినప్పుడే అది కలుగుతుంది. అక్కడ ప్రతి జంటా తలక్రిందులే. చిన్నది పైన ఉన్న దొంతి వస్తే ఒక్కటి కూడా వెనుకకు పోదు, అంతా సాయపు దొంతిలోనికి పోయి తిరిగి వస్తుంది. నాలుగు పుస్తకాలకు హెచ్చు జంటలు 6, పదికి 45, నలభైకి 780, నూరుకు 4,950. పుస్తకాలు నలభై నుండి ఎనభైకి పెరిగితే జంటలు 780 నుండి 3,160కి, అనగా సుమారు నాలుగింతలకు పెరుగుతాయి. శాస్త్ర పరిభాషలో దీనిని వర్గమానపు శ్రమ అంటారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని ఇన్సర్షన్ సార్ట్‌కు ఉన్న శ్రమ కూడా ఇదే. అసలు ఈ విధానం ఇన్సర్షన్ సార్టే. పేకాటలో ముక్కలను చేతిలో ఒక్కొక్కటిగా తగిన చోట దోపుకొనే పద్ధతికి దొంతి నియమాలు తగిలించినట్లున్నది.

ఒక తరగతిలో నలభై మంది నోటు పుస్తకాలు హెచ్చు శ్రమ కలిగే వరుసలో ఉన్నవనుకొంటే, వెనుకకు పంపుటలు 780, సాయపు దొంతిలో పెట్టుటలు 820, చివరి మార్పిడి 40, మొత్తం 1,640 కదలికలు. ఒక్కొక్కదానికి రెండు సెకన్లు పట్టినా దాదాపు 55 నిమిషాలు. బల్లపై పరచి సర్దుకొనే పంతులుగారు ఇంతకు ఎంతో ముందే పాఠం మొదలుపెట్టగలరు. స్థలం లేని చోట పనికివచ్చే విధానమిది, వేగం కావలసిన చోట కాదు.

దీనిని హనోయ్ గోపురం అనే ఆటతో కలగలుపుకొనేవారు ఉన్నారు. ఎడ్వర్డ్ లూకాస్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 1883లో వెలువరించిన ఆ ఆటలో మూడు కడ్డీలుంటాయి, ఏ కడ్డీపైనైనా చిన్న బిళ్ళపై పెద్ద బిళ్ళ ఉంచరాదు. ఆ ఒక్క నిషేధం వలన పది బిళ్ళలకు 1,023 కదలికలు, నలభై బిళ్ళలకు లక్ష కోట్లకు పైగా కదలికలు కావాలి. మన దొంతులలో ఇచ్చిన దొంతి ఎంత గజిబిజిగా ఉన్నా ఆక్షేపణ లేదు. సాయపు దొంతి ఒక్కటే వరుసలో ఉంటే చాలు. శ్రమలో తేడా అక్కడి నుండే వచ్చినది.

పొరపాట్లు జరిగే చోట్లు

సమానమైన అంకెల విషయం మొదటిది. వెనుకకు పంపవలసినది పెద్దదానిని మాత్రమే. పెద్దది లేదా సమానమైనది అని వ్రాస్తే ప్రోగ్రాం ఎప్పటికీ ఆగదు. సాయపు దొంతిలో ఒక 5 ఉండగా చేతిలో మరొక 5 ఉన్నదనుకొందాం. సమానం కనుక మొదటి 5 వెనుకకు పోతుంది, చేతిలోనిది కూర్చుంటుంది. మరుక్షణం వెనుకకు పోయిన 5 చేతిలోనికి వస్తుంది. కూర్చున్నది దానికి సమానం కనుక అది లేచి వెనుకకు పోతుంది. బస్సులో ఒకరు కూర్చుంటే మరొకరు లేచి మర్యాద చేసినట్లు, ఇక ఇద్దరిలో ఎవరికీ ఊరు రాదు. అంకెలన్నీ వేరువేరుగా ఉన్న ఉదాహరణతో సరిచూచుకొన్నవారికి ఈ తప్పు కనబడదు. అందుచేత ఇంట్లో పరీక్షించేటప్పుడు రెండు పుస్తకాలపై ఒకే అంకె వేయాలి. నియమం సరిగా ఉంటే మరొక మేలు కూడా కలుగుతుంది. సమానమైన రెండింటిలో మొదట పైన ఉన్నది, అంతా ముగిసిన తరువాత కూడా పైననే ఉంటుంది.

ఖాళీ దొంతి సంగతి రెండవది. సాయపు దొంతి ఖాళీగా ఉన్నదా అని ముందు అడిగి, లేదని తేలిన తరువాతనే పైనున్నదానిని చూడాలి. ఈ రెండు షరతులను తారుమారుగా వ్రాస్తే, ఖాళీ దొంతి పైభాగాన్ని చూడబోయి ప్రోగ్రాం మొదటి అడుగులోనే ఆగిపోతుంది. షరతులు అవే, మాటలు అవే, వరుస మారినందుకే ఈ తిప్పలు.

పెద్దది పైన కావాలని అడిగితే ఏమి చేయాలి? చివరి మార్పిడి మానివేస్తే సాయపు దొంతిలో పెద్దది పైననే ఉన్నది కదా అని కొందరు అంటారు. అడిగినవారు మొదటి దొంతిలోనే కావాలంటే ఆ సమాధానం చెల్లదు. పోలికను తిరగవేయాలి. చేతిలోనిదానికంటె చిన్నవాటిని వెనుకకు పంపితే సాయపు దొంతిలో చిన్నది పైకి వస్తుంది, మార్పిడి తరువాత మొదటి దొంతిలో పెద్దది పైకి వస్తుంది. మారినది ఒక్క గుర్తు మాత్రమే.

దొంతి కంప్యూటర్లలోనికి వచ్చిన తీరు

దొంతి భావాన్ని యంత్రాలలో వాడాలనే ఆలోచన కంప్యూటర్లంత పాతది. ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ 1945-46 కాలంలో తన యంత్ర ప్రణాళిక వ్రాస్తూ, ఒక పని మధ్యలో మరొక పనికి వెళ్ళి తిరిగి రావలసిన చోటును గుర్తుంచుకొనుటకు పాతిపెట్టుట, త్రవ్వితీయుట అనే అర్థం గల మాటలు వాడాడు. జర్మనీలోని మ్యూనిక్‌లో ఫ్రీడ్రిక్ బవర్, క్లౌస్ సామెల్సన్ అనువారు 1957లో ఈ భావంపై పేటెంటుకు దరఖాస్తు చేశారు. వారు పెట్టిన పేరుకు నేలమాళిగ అని అర్థం. బవర్‌కు 1988లో ఐఈఈఈ సంస్థ కంప్యూటర్ మార్గదర్శక పురస్కారం లభించినది. పాతర అనే మాట తెలిసిన రాయలసీమ, బళ్లారి రైతు కుటుంబాలకు ఈ పేర్లు చుట్టరికం ఉన్నవిగానే తోస్తాయి. పాతరలో కూడా చివర పోసిన ధాన్యమే ముందు బయటకు వస్తుంది.

ట్యూరింగ్ చెప్పిన ఆ ఉపయోగమే ఈ ప్రశ్నలో ఒక చిన్న మోసానికి దారి తీస్తుంది. సాయపు దొంతి ఒక్కటి కూడా అక్కరలేదని చెప్పి, ప్రోగ్రాం తనను తానే పిలుచుకొనే పద్ధతిలో కొందరు దీనిని సాధిస్తారు. పైది తీసి పక్కన పట్టుకొని, మిగిలినదానిని వరుసపరచమని తనకు తానే చెప్పుకొని, అది అయిన తరువాత పట్టుకొన్నదానిని తగిన చోట దూర్చుతారు. చూచుటకు ముచ్చటగా ఉంటుంది. కాని ప్రతి పిలుపులోనూ పట్టుకొన్న వస్తువు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. కంప్యూటర్ తన లోపల పెట్టుకొనే పిలుపుల దొంతిలో అది దాగి ఉంటుంది. రెండవ దొంతిని కొంగున ముడివేసుకొని లేదన్నట్లున్నది. అడిగినవారు దీనిని అంగీకరిస్తే మంచిదే, కాని అక్కడ దొంతి ఉన్నదని విద్యార్థి తానే ముందుగా చెప్పడం మేలు. పైథాన్ భాషలో ఈ పిలుపుల దొంతికి సాధారణంగా 1,000 వరకే హద్దు ఉంటుంది. వేయి మించిన వస్తువులు వస్తే ఆ ప్రోగ్రాం తప్పు చూపి ఆగిపోతుంది. రెండు దొంతుల విధానం నెమ్మదిగానైనా పని పూర్తిచేస్తుంది.